మూడో ఇంజెక్టర్

సంక్రాంతికి ముందు ఏలూరు వెళ్లి వస్తుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర నా కారు పికప్ వదిలేసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అరవై దాటదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. వెనకనుంచి లారీల హారన్లు. ఇంట్లోవాళ్లు ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నారు, అది ఇంకా టెన్షన్. ఎలాగో ఎడమ పక్క పట్టుకుని గన్నవరం మీదుగా విజయవాడ చేరి, మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లి ఆటోనగర్‌లో మా మేస్త్రి షెడ్డు ముందు పెట్టాను.

ఏడేళ్ల డీజిల్ కారు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. మా మేస్త్రి అంబాసిడర్ల కాలం నుంచి ఆ షెడ్డులోనే ఉన్నాడు. బానెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేయించి, ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి పెట్టడం మొదలుపెట్టాడు. మొదటిది పీకగానే ఇంజన్ తూలింది. రెండోదానికీ అంతే. మూడోది పీకితే ఏ మార్పూ లేదు. అంటే అది అప్పటికే పని చెయ్యడం లేదన్నమాట. అక్కడితో ఆగలేదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపుల దగ్గర సన్నటి ట్యూబులు తగిలించి, నాలుగు ఖాళీ వాటర్ బాటిళ్లలోకి వదిలాడు. రెండు నిమిషాలు నడిపాక చూస్తే మూడు బాటిళ్లలో అడుగున వేలెడు డీజిల్, మూడో ఇంజెక్టర్ బాటిల్లో సగం దాకా ఉంది. లోపలికి పోవాల్సిన డీజిలంతా వెనక్కి పారిపోతోంది. ఇరవై నిమిషాల్లో, కంప్యూటర్ ముట్టుకోకుండా, జబ్బు ఏమిటో తేలిపోయింది.

తర్వాత స్కానర్ తగిలించాడు. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది, దానికి. తెర మీద రెండు కోడ్‌లు వచ్చాయి. ఒకటి పి0087, పక్కనే దాని అర్థం కూడా ఉంది: ఫ్యూయల్ రైల్‌లో, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టంలో, ఇంధనం ఒత్తిడి తక్కువ. రెండోది పి1తో మొదలయ్యే నంబరు. దాని పక్కన అర్థం లేదు, ‘మాన్యుఫాక్చరర్ స్పెసిఫిక్’ అని మాత్రం ఉంది.

"పీ తర్వాత సున్నా ఉంటే ఊరందరిదీ అండీ, ఒకటి ఉంటే కంపెనీ వాడిది. ఆ ఒకటి దగ్గరే మా బతుకు ఆగిపోద్ది" అన్నాడు మేస్త్రి.

సున్నాతో మొదలయ్యేవి ప్రపంచమంతా ఒకే అర్థమున్న కోడ్‌లు. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారులోనూ ఆ సాకెట్, ఆ కోడ్‌లు తప్పనిసరి చేశారు. కాలుష్యం తగ్గించడం కోసం పెట్టిన నిబంధన అది. దాని పుణ్యాన రెండువేల రూపాయల స్కానర్ కూడా ఏదో ఒకటి చదివి చెబుతోంది. ఒకటితో మొదలయ్యేవి ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్న సొంత కోడ్‌లు. వాటి అర్థాలున్న పుస్తకం కంపెనీ దగ్గర ఉంటుంది.

అసలు కథ కొత్త ఇంజెక్టర్ వేశాక మొదలైంది. ఇంజెక్టర్లు ఎంత జాగ్రత్తగా తయారుచేసినా రెండు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి చుక్క ఎక్కువ పోస్తుంది, ఇంకోటి చుక్క తక్కువ. అందుకని ఫ్యాక్టరీలోనే ప్రతిదాన్నీ పరీక్షించి, ఆ తేడాను అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్‌గా దాని నెత్తిన చెక్కుతారు. ఇంజెక్టర్ మార్చినప్పుడు ఆ కోడ్‌ను ఇంజన్ కంప్యూటర్లో ఎక్కించాలి. అప్పుడే మూడో సిలిండర్‌కి ఎంత పొయ్యాలో దానికి తెలుస్తుంది. ఎక్కించకపోతే బండి నడుస్తుంది కానీ ఐడ్లింగ్‌లో వణుకుతుంది, పొగ కక్కుతుంది. మేస్త్రి స్కానర్‌లో ఆ ఆప్షన్ నా మోడల్‌కి లేదు.

సరే అని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఏ కంపెనీయో చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, అందరిదీ దాదాపు ఒకటే పద్ధతి. కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. బయట వేయించిన పార్టుకి మేం కోడింగ్ చెయ్యం సార్, మా దగ్గర నాలుగూ మార్పించుకుంటే చేస్తాం అన్నాడు. నాలుగు ఎందుకు, పోయింది ఒకటే కదా అంటే, పాలసీ సార్ అన్నాడు. ఎస్టిమేట్ కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను.

చివరికి పని చేసింది ఆటోనగర్‌లోనే ఇంకో సందులోంచి వచ్చిన ఓ పాతికేళ్ల కుర్రాడు. భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఏ పేరూ లేని నల్ల డబ్బా. సాకెట్‌కి తగిలించి, ఇంజెక్టర్ నెత్తిన కోడ్ మేస్త్రి చదువుతుంటే టైపు చేసి, పది నిమిషాల్లో ఎక్కించేశాడు. పదిహేను వందలు తీసుకున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడిది బాబూ అని అడిగితే నవ్వి, "అది మాత్రం అడక్కండి సార్" అన్నాడు.

నా వాదనంతా ఆ నవ్వులో ఉంది. జబ్బు కనిపెట్టినవాడికి తాళం చెవి లేదు. తాళం చెవి ఉన్నవాడు తియ్యనన్నాడు. ఆఖరికి నా ఇంజన్ కంప్యూటర్లో వేలు పెట్టింది, దొంగ సాఫ్ట్‌వేర్ పట్టుకుని తిరిగే కుర్రాడు. మంచివాడే, పని తెలిసినవాడే. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో, రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోతే కంప్యూటర్ ఏమవుతుందో పూచీ ఇచ్చేవాళ్లు లేరు. భద్రత కోసమే సమాచారం ఇవ్వం అంటాయి కంపెనీలు. ఇవ్వనందువల్ల నా కారుకు దక్కిన భద్రత ఇదీ.

కారు బాగుచెయ్యడానికి కావాల్సిన సమాచారం కూడా కారులో భాగమే అని నేను నమ్ముతాను. ఊరికే ఇమ్మనడం లేదు. ధర పెట్టండి, చందా కట్టించుకోండి, పేరు నమోదు చేసుకోండి. అమ్మను అనే హక్కు మాత్రం, నాకు కారు అమ్మినరోజే కంపెనీ వదులుకోవాలి.

ఇది మన దేశంలో ఇదివరకు ఎవరూ అడగనిదేం కాదు. 2011లో శంషేర్ కటారియా అనే ఆయన, మార్కెట్లో పోటీ సవ్యంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. హోండా, ఫోక్స్‌వ్యాగన్, ఫియట్ కార్ల అసలు స్పేర్ పార్టులు బయట మార్కెట్లో దొరకవు, రిపేరు సమాచారం, పరికరాలు బయట మెకానిక్‌లకు ఇవ్వరు, కాబట్టి కొన్నవాడు చచ్చినట్టు డీలర్ దగ్గరికే పోవాల్సొస్తోంది అన్నది ఫిర్యాదు. తవ్వడం మొదలెట్టాక ఈ అలవాటు ఆ ముగ్గురిదే కాదని తేలింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీల మీద కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అందులో టాటా మోటార్స్ వంతే 1,346 కోట్లు. మారుతికి 471 కోట్లు.

జరిమానా అంకెలు పేపర్లలో బాగా వచ్చాయి. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఆ కేసులో కంపెనీలు చేసిన ఒక వాదన. కొనేవాడు కారు ధర ఒక్కటే చూడడు, జీవితకాలం దానికయ్యే రిపేరు ఖర్చంతా లెక్కేసుకునే కొంటాడు, పార్టుల ధరలు మరీ పెంచితే మా కారు కొనడం మానేస్తాడు, కాబట్టి విడిగా పార్టుల మార్కెట్ అని చూడకండి అన్నాయి. చదువుతుంటే మా షోరూమ్ అనుభవం గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను కారు కొన్నరోజున మా ఆవిడ రంగు అడిగింది, మా అబ్బాయి స్పీకర్లు అడిగాడు, నేను మైలేజీ, ఈఎంఐ అడిగాను. ఏడో ఏట మూడో ఇంజెక్టర్ పోతే ఎంతవుతుందండీ అని అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేవాళ్లెవరు? కమిషన్ కూడా ఆ వాదన ఒప్పుకోలేదు. కొనేముందు పది కంపెనీలు పోటీ పడతాయి. కొన్నాక ఆ కారు పార్టుల విషయంలో ఉన్నది ఒక్కటే కంపెనీ. నచ్చకపోతే కారు మార్చుకోమనడం, అద్దెకుండేవాడితో ఊరు మారమన్నట్టు ఉంటుంది.

ఆ తీర్పులో జరిమానాతో పాటు ఆదేశాలూ ఉన్నాయి. పార్టులు తయారుచేసి ఇచ్చే సంస్థలు బయట మార్కెట్లో అమ్ముకోకుండా కట్టడి చెయ్యకూడదు. బయట మెకానిక్‌లకు డయాగ్నస్టిక్ పరికరాలు సులువుగా దొరికే ఏర్పాటు చెయ్యాలి, శిక్షణ, సాంకేతిక సాయం కావాలంటే డబ్బు తీసుకుని ఇవ్వొచ్చు. బయట రిపేరు చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అని గుండుగుత్తగా షరతు పెట్టకూడదు. బయటివాడి తప్పు పని వల్ల ఏది పాడైందో దానివరకే వారంటీ తీసెయ్యొచ్చు. ఈ చివరిది చదివి రెండోసారి చదివాను. ఎందుకంటే నాకు తెలిసిన కారు ఓనర్లలో పదిమందికి పదిమందీ ‘బయట చేయిస్తే వారంటీ పోద్ది’ అనే నమ్ముతారు. డీలర్ దగ్గర అదే మాట విని, పక్కవాడికి అదే చెప్తారు.

తర్వాత ఏమైందంటే, మనకు తెలిసిందే. టొయోటా, ఫోర్డ్, నిస్సాన్ అపీలుకు వెళ్తే 2016 డిసెంబరులో ట్రిబ్యునల్ తప్పును తప్పేనంది గానీ, జరిమానాను మొత్తం టర్నోవరు మీద కాకుండా స్పేర్ పార్టుల అమ్మకాల మీద లెక్కగట్టి తగ్గించింది. మిగతావాళ్లు చాలామంది హైకోర్టు మెట్లెక్కారు. జరిమానా గొడవ వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు, అది సర్కారు ఖజానాకి పోయే డబ్బు. మా మేస్త్రికి కావాల్సింది ఆ డయాగ్నస్టిక్ ఏర్పాటు. తీర్పొచ్చి పదేళ్లు దాటింది, ఆయన షెడ్డు గుమ్మం దాకా అది ఇంకా రాలేదు.

2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పేరుతో పోర్టల్ పెట్టింది. అందులో వాహనాలూ ఉన్నాయి. మంచి మొదలే. నా కారు కోసం వెతికితే కస్టమర్ కేర్ నంబరు, కారుతో పాటు ఇచ్చిన ఓనర్ పుస్తకం దొరికాయి. టైరులో గాలి ఎంత ఉండాలో ఆ పుస్తకం చెబుతుంది. పి1 కోడ్ అర్థం చెప్పదు. మెకానిక్‌కి కావాల్సింది వర్క్‌షాప్ మాన్యువల్, వైరింగ్ బొమ్మలు, కోడింగ్ చేసే వీలు.

మా తోడల్లుడు ఒకతను షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా పదేళ్లు చేశాడు. వేరే కంపెనీ లెండి. కనుమ రోజు భోజనాల దగ్గర నేను ఇదంతా ఆవేశంగా చెబితే, గారె నములుతూ అంతా విని, "అన్నయ్యా, నువ్వు ఒక మంచి మేస్త్రిని చూసి మాట్లాడుతున్నావు. నేను మిగతావాళ్లు చెడగొట్టి పంపినవి చూశాను" అన్నాడు.

ఆ మాట కొట్టిపారెయ్యలేను. వెనక బ్రేకు ప్యాడ్‌ల సంగతి చెప్పాడు. ఇప్పుడు చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు లివరు లేదు, బటన్ ఉంది. వెనక చక్రాల దగ్గర చిన్న మోటారు బ్రేకును బిగిస్తుంది. ప్యాడ్‌లు మార్చాలంటే ముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టి ఆ మోటారును వెనక్కి తిప్పాలి. అది తెలియని మెకానిక్ పాత అలవాటు ప్రకారం పిస్టన్‌ను బలవంతంగా నొక్కితే లోపల గేర్ల పళ్లు విరుగుతాయి. అలాంటి కార్లు తనకు నెలకి ఒకటైనా వచ్చేవట. తర్వాత బ్రేకు పడకపోతే జనం తిట్టేది మెకానిక్‌ని కాదు, కంపెనీని అన్నాడు.

నిజమే. ఆటోనగర్‌లో అందరూ మా మేస్త్రిలాంటివాళ్లని నేననను. డూప్లికేట్‌ను ఒరిజినల్ డబ్బాలో పెట్టి అంటగట్టినవాళ్లను చూశాను, బాగున్న ఆల్టర్నేటర్ లాగేసుకున్నవాళ్లనూ చూశాను. (షోరూమ్‌లో అడక్కుండానే ఇంజన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్ బిల్లులో వేసినవాళ్లనూ చూశాను. ఆ మాట ఆ రోజు అనలేదు, పండగ పూట ఎందుకని.) కానీ బ్రేకు ఉదాహరణ నా వాదనకే బలం ఇస్తుంది. పిస్టన్ నొక్కకూడదు, మోటారు తిప్పాలి అనే సంగతి రాసి ఉన్న పేజీ ఎవరి దగ్గరుంది? ఆ పేజీ ఇవ్వకుండా, వాళ్లకు పని రాదండీ అనడం ఏం న్యాయం?

అతను చెప్పిన ఇంకో విషయానికి మాత్రం నేను తలొగ్గాను. తాళాలు. కొత్త తాళం చెవిని కారుకి పరిచయం చేసే ప్రోగ్రామ్ ఎవరికంటే వాళ్లకి ఇస్తే కారు దొంగలకి పండగే. దీనికి అమెరికాలో ఒక దారి పెట్టారు. తాళాలు చేసేవాళ్లు, మెకానిక్‌లు గుర్తింపు, వివరాలు చూపించి నమోదు చేయించుకుంటారు. ఫలానా కారుకి ఫలానా రోజు కోడ్ తీసుకున్నది ఫలానావాడు అని రికార్డు ఉంటుంది. తేడా వస్తే పట్టుకోవచ్చు. అలాంటిది పెడితే మా ల్యాప్‌టాప్ కుర్రాడు కూడా పేరు రాయించుకుని, ఆ పదిహేను వందలకి బిల్లు ఇచ్చేవాడు. అతను దాక్కుంటున్నది దొంగ కాబట్టి కాదు. నిలబడి డబ్బు కట్టడానికి ఇక్కడ కౌంటరే లేదు.

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి మసాచుసెట్స్ సంగతి చెప్పాలి. 2012లో అక్కడ ఇదే ప్రశ్నను ఓటింగుకి పెడితే దాదాపు 86 శాతం మంది బయట గ్యారేజీలకు సమాచారం ఇవ్వాలన్నారు. రాష్ట్రానికో చట్టం వస్తే తలనొప్పని కార్ల కంపెనీలు 2014లో దేశమంతటికీ వర్తించేలా ఒప్పందానికి వచ్చాయి. ఇప్పుడు అక్కడ చిన్న గ్యారేజీవాడు కూడా కంపెనీ వెబ్‌సైట్‌లో రెండు రోజులకో నెలకో చందా కట్టి, డీలర్ చూసే మాన్యువలే చూస్తాడు. ఆ ఒప్పందంలో ఒక సందు మిగిలింది. సాకెట్ గుండా కాకుండా వైర్‌లెస్‌గా కారు నుంచి నేరుగా కంపెనీకి పోయే సమాచారం అందులోకి రాలేదు. దాని మీద 2020లో మళ్లీ ఓటింగు. ఈసారి కంపెనీలు టీవీలో వేసిన ప్రకటనల్లో, ఈ చట్టం వస్తే ఆడవాళ్లను వెంటాడే దుర్మార్గులకి మీ కారు సమాచారం దొరుకుతుందని భయపెట్టారు. అయినా సుమారు 75 శాతం మంది అవునన్నారు. వెంటనే కంపెనీలు కోర్టుకెక్కాయి. 2023 జూన్‌లో అక్కడి కేంద్ర రోడ్డు భద్రతా సంస్థ ఈ చట్టం పాటించొద్దని కంపెనీలకు ఉత్తరం రాసింది, రెండు నెలలకి బ్లూటూత్ లాంటి దగ్గరి పద్ధతైతే ఫర్వాలేదని మెత్తబడింది. 2025 ఫిబ్రవరిలో గానీ కింది కోర్టు ఆ కేసును కొట్టెయ్యలేదు. జనం ఓటేసిన నాలుగేళ్లకి. ఇక్కడ మన తీర్పు నత్తనడక చూసి విసుక్కున్నప్పుడల్లా అది గుర్తు చేసుకుంటాను.

యూరప్‌లో 2023 అక్టోబరులో వచ్చిన తీర్పు ఇంకాస్త సూటిగా ఉంది. ఫియట్ కంపెనీ తన కార్లలో డిజిటల్ గేటు ఒకటి పెట్టింది. సాకెట్‌కి స్కానర్ తగిలిస్తే చాలదు, ముందు నమోదు కావాలి, డబ్బు కట్టాలి, ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వరుకి కలవాలి. దీని మీద కోర్టుకెళ్లినవాళ్లలో ఒకటి కారు అద్దాలు మార్చే సంస్థ. అద్దాలవాళ్లకి కంప్యూటర్‌తో పనేంటి అనుకుంటాం. ముందు అద్దం వెనక ఇప్పుడు కెమెరా ఉంటోంది, లైను తప్పితే హెచ్చరించేది, ముందు బండి ఆగితే బ్రేకు వేసేది అదే. అద్దం మార్చాక ఆ కెమెరాను మళ్లీ సరిచెయ్యాలి. చట్టంలో లేని షరతులు కంపెనీ సొంతంగా పెట్టకూడదని యూరప్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఆ కెమెరాల కార్లు బెంజి సర్కిల్‌లోనూ తిరుగుతున్నాయి. రాయి తగిలి అద్దం పగిలితే ఏమవుతుందో ఈసారి చూసుకోండి.

డబ్బు లెక్క పక్కన పెడితే నన్ను ఎక్కువ తొలిచేది వేరే ఉంది. విజయవాడ ఆటోనగర్ 1960ల్లో పుట్టింది. లారీ బాడీలు కట్టేవాళ్లు, స్ప్రింగులు కొట్టేవాళ్లు, పంపులు, నాజిళ్లు చూసేవాళ్లు సందుకో విద్యగా స్థిరపడ్డారు. ఎవరూ కాలేజీలో నేర్చుకోలేదు. పన్నెండేళ్ల కుర్రాడు టీ తేవడంతో మొదలుపెట్టి, స్పానర్ అందించి, ఇంజన్ చప్పుడు విని, పదేళ్లకి తనే మేస్త్రి అయ్యాడు. (ఆ వయసు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం తప్పే, అది వేరే వ్యాసం.) ఆ విద్యంతా చూసి నేర్చుకునేది, విని నేర్చుకునేది. ఇప్పుడు జబ్బు చప్పుడులోంచి సాఫ్ట్‌వేర్లోకి పోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కారు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటోంది. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగితే అది నిండిపోతుంది. దాన్ని కాల్చి ఖాళీ చెయ్యమని కారుకి చెప్పాలంటే స్కానర్ కావాలి. మేస్త్రి చెవికి వినపడేదేమీ లేదు, శిష్యుడికి చూపించేదీ లేదు. మా మేస్త్రి దగ్గర కొత్తగా కుర్రాళ్లు చేరడం లేదు. ఉన్న ఒక్కడూ బైకుల వైపు పోదామని చూస్తున్నాడు.

పట్నంలో మనకి షోరూమ్ అయినా దగ్గర. చింతూరు దాటాక ఘాట్‌లోనో, పాడేరు రోడ్డులోనో కారు ఆగిపోతే దిక్కు ఆ ఊరి మెకానిక్కే. అతని చేతిలో రెండువేల స్కానర్, తెర మీద పి1 నంబరు.

మొన్న ఆయిల్ మార్పించడానికి షెడ్డుకి వెళ్తే మేస్త్రి తన లాంగ్ నోట్‌బుక్ తీశాడు. అట్ట ఊడిపోయి, గ్రీజు వేలిముద్రలతో నల్లబడ్డ పుస్తకం. ఏ మోడల్‌లో ఏ సెన్సార్‌కి ఏ రంగు వైరు పోతుందో, ఏ కోడ్ వస్తే చివరికి ఏం తేలిందో ఇరవై ఏళ్లుగా రాసుకున్నాడు. పి1 కోడ్‌లు కూడా ఉన్నాయి, తనే పట్టుకున్నవి, అర్థం పక్కన కొన్నిచోట్ల ప్రశ్నార్థకం. నా కారు పేజీ తీసి, ఆ రోజు ల్యాప్‌టాప్ కుర్రాడు వచ్చిన హడావిడిలో ఇంజెక్టర్ కోడ్ రాసుకోవడం మర్చిపోయానండీ, రేపు ఎప్పుడైనా కంప్యూటర్ మారిస్తే మళ్లీ కావాలి అన్నాడు. బానెట్ ఎత్తి, గుడ్డతో ఇంజెక్టర్ నెత్తి తుడిచి, సెల్‌ఫోన్ లైటు వేశాడు.

"నాకు కళ్లు ఆనట్లేదు, కాస్త చదవండి."

చదివాను. నాలుగో అక్షరం దగ్గర ఆగాను.

"అది సున్నానా అండీ, ఓ నా?"

వంగి చూశాను, ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ఏదైనా కావచ్చనిపించింది. మేస్త్రి కాసేపు ఆలోచించి, ముందు సున్నా వేసి, పక్కనే ఓ కూడా రాసి, మధ్యలో చిన్న గీత పెట్టుకున్నాడు.